పిండివంటల ఇల్లు

ఆకలితో అలమటిస్తూ అడవిలో దారి తప్పిన ఇద్దరు పిల్లలకు తినుబండారాలతో కట్టిన ఇల్లు కనిపించడమనేది కడుపు నిండినవారి ఊహకు అందే కల్పన కాదు. ఎండిన డొక్కలతో నిద్రపట్టని రాత్రులు గడిపిన వారెవరో ఆ గోడలను రొట్టెతో కట్టారు, కప్పు మీద తీపి అప్పాలు పరిచారు, కిటికీలకు చక్కెర పలకలు బిగించారు. జర్మనీ దేశానికి చెందిన గ్రిమ్ సోదరులు 1812లో వెలువరించిన జానపద కథల సంపుటంలో ఈ కథ చోటుచేసుకుంది. కథలోని అన్నాచెల్లెళ్ల పేర్లు హెన్జెల్, గ్రేటెల్.

కథ కరువుతో మొదలవుతుంది. కట్టెలు కొట్టి బతికే ఇంట్లో నలుగురికి చాలినంత రొట్టె లేదు. పిల్లలను అడవిలో వదిలివేస్తే తామిద్దరమైనా బతుకుతామని తల్లి అంటుంది. తండ్రి మొదట కాదంటాడు, తరువాత తల వంచుతాడు. తొలి ముద్రణలో ఆ మాట అన్నది కన్నతల్లే. 1840 నాటి ముద్రణకు వచ్చేసరికి ఆమె సవతితల్లిగా మారింది. కన్నతల్లి నోట అంత మాట పలికించడానికి సంకలనకర్తలకు మనసొప్పలేదు కాబోలు. కాని కరువు కన్నప్రేమను సైతం కాటేస్తుందన్న సంగతి రాయలసీమకు ఒకరు చెప్పవలసినది కాదు. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన ధాత కరువు కడప, ఉత్తర ఆర్కాటు, బళ్లారి సీమలను పీల్చి పిప్పి చేసింది. నేటి చిత్తూరు, తిరుపతి ప్రాంతాలు చాలావరకు అప్పటి ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల్లోనివే. అలాంటి నేల మీద నిలిచి చదివితే గ్రిమ్ సోదరుల కథ దూరదేశపు వింతగా తోచదు, పొరుగింటి గోడుగా వినిపిస్తుంది.

ఈ కథ పాటగా మారిన తీరు మరింత ఆసక్తికరమైనది. దాని పుట్టుక ఏ రాజాస్థానంలోనో జరగలేదు, ఒక గృహస్థుని ఇంట్లో జరిగింది. అడెల్‌హైడ్ వెట్టె అనే ఇల్లాలు 1890లో తన పిల్లల చేత ఇంట్లో ఆడించడానికి ఈ కథను చిన్న నాటకంగా మలిచి, అందులోని కొన్ని గేయాలకు బాణీలు కట్టమని తన అన్న ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్‌ను అడిగింది. ఆయన కట్టి ఇచ్చాడు. పిల్లలు పాడుకున్నారు. అంతటితో ఆగవలసిన ముచ్చట ఆగలేదు. నాలుగైదు పాటలు పదహారయ్యాయి. ఆ పదహారింటిని ఆయన తన కాబోయే భార్యకు క్రిస్మస్ కానుకగా సమర్పించాడు. ఆపైన మాటలను కూడా సంగీతంలో ముంచి, మూడు అంకాల సంపూర్ణ సంగీత నాటకంగా పెంచాడు. 1893 డిసెంబరు 23న వైమార్ నగరంలోని ఆస్థాన రంగశాలలో అది తొలిసారి ప్రదర్శితమైంది. వాద్యబృందాన్ని నడిపినవాడు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ల యువకుడైన రిచర్డ్ స్ట్రౌస్. తరువాతి కాలంలో జర్మన్ సంగీతంలో మేటిగా నిలిచిన వ్యక్తి ఆయనే.

హంపర్‌డింక్ సామాన్యుడు కాడు. అంతకు పదేళ్ల ముందు బైరాయిట్‌లో రిచర్డ్ వాగ్నర్ వద్ద సహాయకునిగా పనిచేసినవాడు. వాగ్నర్ చివరి నాటకం ‘పార్సిఫల్’ 1882లో రంగమెక్కుతున్నప్పుడు తెర వెనుక దృశ్యం మార్చే యంత్రం నెమ్మదిగా కదలడంతో అక్కడికి సంగీతం చాలలేదు. ఆ ఖాళీని పూరించడానికి కొన్ని వరుసల సంగీతం రాసిపెట్టినవాడు ఈ సహాయకుడే. దేవతల కథలకు, వీరుల కథలకు వాగ్నర్ వాడిన మహావాద్యబృందాన్ని ఆయన చీపుర్లు కట్టేవాని గుడిసెలోకి తీసుకొచ్చాడు. ఆ గంభీర ఘోష నడుమ రెండు జానపద గీతాలను ఉన్నవి ఉన్నట్లుగా నిలబెట్టాడు. తక్కిన బాణీలను కూడా అవే ఊరి పాటలేమో అనిపించేలా అల్లాడు. పండితుడు పామరుని గొంతుతో పాడడం ఎంత కష్టమో సంగీతం తెలిసినవారు ఎరుగుదురు.

ఆది నుండి తుది వరకు పాటతో నడిచే ఇటువంటి నాటకాన్ని పాశ్చాత్యులు ఒపేరా అంటారు. పదిహేడో శతాబ్దపు ముంగిట ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో అది రూపుదిద్దుకుంది. సరిగ్గా ఆ శతాబ్దంలోనే తంజావూరు నాయకరాజుల కొలువులో తెలుగు యక్షగానం వెలుగొందింది. విజయరాఘవ నాయకుడు స్వయంగా యక్షగానాలు రచించాడు, ఆయన ఆస్థానంలోని రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రాసింది. చిత్తూరు సీమకు వస్తే తరిగొండ వెంగమాంబ పేరు ముందుగా చెప్పుకోవాలి. 1730లో తరిగొండలో జన్మించి, బాల్యంలోనే వైధవ్యం పొంది, లోకపు కట్టుబాట్లకు తలొగ్గక, తిరుమల చేరి 1817లో అక్కడే తనువు చాలించిన ఆ కవయిత్రి ‘చెంచు నాటకం’, ‘రుక్మిణీ నాటకం’, ‘ముక్తికాంతా విలాసం’ వంటి యక్షగానాలు రచించింది. ఆమె పేరును నేడు తిరుమలలోని అన్నప్రసాద భవనం మీద లక్షలాది భక్తులు చదువుతున్నారు. ఆమె దరువులను చదివేవారి సంఖ్య అందులో ఎంతో ఊహించడం కష్టం కాదు.

ఐరోపా, అమెరికా దేశాల సంగీత కళాశాలలలో విద్యార్థి బృందాలు తరచుగా ఎన్నుకునే ఒపేరాలలో హెన్జెల్, గ్రేటెల్ కథ ఒకటి. అందుకు కారణం కథ మీది మమకారం మాత్రమే కాదు, చాలా లౌకికమైన లెక్క ఒకటి ఉంది. సంగీత కళాశాలల్లో గాత్రం అభ్యసించేవారిలో అమ్మాయిలే అధికం. పేరుపొందిన ఒపేరాలు చూస్తే పురుష పాత్రలే ఎక్కువ. ఈ నాటకంలో గ్రేటెల్, తల్లి, మంత్రగత్తె, పిల్లల కళ్లలో నిద్ర చల్లే ఇసుక పురుషుడు, ఉదయాన మేల్కొలిపే మంచు దేవత, చివరికి మగపిల్లవాడైన హెన్జెల్ కూడా స్త్రీ గాత్రానికే రాసిన పాత్రలు. పురుషునికంటూ మిగిలినది తండ్రి వేషం ఒక్కటే. మంత్రగత్తె వేషాన్ని కొన్నిచోట్ల పురుష గాయకులు లాక్కుంటారు, అది వేరే మాట.

ఇరవై రెండేళ్ల యువతి పదేళ్ల పోకిరి కుర్రవాడుగా నడవాలి, కూర్చోవాలి, చెల్లెలిని ఏడిపించాలి. విద్యార్థినులకు పాటకన్నా ఈ నడకే కష్టం. దర్శకులు వారిని వీధుల్లో ఆడుకునే మగపిల్లలను గమనించి రమ్మంటారు. చిత్తూరు సీమలో ఈ విద్య తారుమారై కనిపిస్తుంది. ఇక్కడి వీధినాటకాల్లో ద్రౌపది మగవాడే, సుభద్ర మగవాడే. పగలు మడక దున్నిన చేతులకు రాత్రి గాజులు తొడిగి, సిగలో పూలు తురిమి, తెల్లవారేదాకా కులస్త్రీ హుందాతనాన్ని నిలబెట్టే నటులున్న నేల ఇది. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చిందంటే ఊరు ఊరంతా వేషశాలే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొక రూపం ధరించి, మొక్కుబడి ఉన్న మగవారు చీరలు కట్టి వీధుల్లో తిరుగుతారు. వారిని చూసి ఎవరూ నవ్వరు. వేషం మోసం కాదని, మొక్కు తీర్చుకునే మార్గమని జాతరకు వచ్చే పసిపిల్లవానికి కూడా తెలుసు.

విద్యార్థి బృందానికి అసలు పరీక్ష వాద్యబృందంతో కలిసి పాడే రోజున ఎదురవుతుంది. వారాల తరబడి ఒక్క పియానో తోడుతో సాధన చేసిన గొంతులు ఒక్కసారిగా పదుల కొద్దీ వాద్యాల ఘోషను దాటి చివరి వరుసలోని శ్రోతను చేరాలి. ఒపేరాలో గాయకులకు మైకు ఉండదు. ముప్పై ఏళ్లు దాటితే గాని అటువంటి బరువును మోసే గాత్రం పక్వానికి రాదని గురువుల అభిప్రాయం. ముందే మోయిస్తే గొంతు దెబ్బతింటుంది, ఒక్కొక్కప్పుడు మరి కోలుకోదు. పిల్లల కథ కదా అని చేపట్టిన నాటకం చేతికి అందినట్లే అంది గొంతు మీదికి తెస్తుంది. అందుకే చాలా కళాశాలలు వాద్యాల సంఖ్యను కుదించిన ప్రతిని వాడతాయి. ముఖ్యపాత్రలకు ఇద్దరిద్దరిని తయారుచేసి రాత్రి మార్చి రాత్రి పాడిస్తాయి. ఈ జాగ్రత్తలను పిరికితనంగా ఎంచే గురువులు కూడా లేకపోలేదు. కాని ఒక యువతి జీవితకాలపు గొంతును మూడు రాత్రుల చప్పట్లకు పణంగా పెట్టడం ధైర్యం అనిపించుకోదు.

భాష మరొక గండం. జర్మన్ పదాలు అనేకం హల్లులతో ముగుస్తాయి, రెండు మూడు హల్లులు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. స్వరం సాగవలసిన చోట నాలుక పళ్లకు అడ్డుపడుతుంది. ఉచ్చారణ నేర్పడానికే ప్రత్యేకంగా ఒక గురువు ఉంటాడు. తెలుగు అజంత భాష కావడం వలన గాయకునికి ఈ బాధ లేదు. పదం చివర అచ్చు ఉంది గనుక రాగం ఎంత దూరమైనా సాగుతుంది. ఆంగ్ల దేశాల్లో ఈ నాటకాన్ని ఆంగ్లంలో పాడే ఆచారం ఉన్నట్లే తెలుగులో పాడడానికి అడ్డేమీ లేదు. అడవిలో ఏరుకునే స్ట్రాబెర్రీలు నేరేడు పళ్లవుతాయి, చీకటిపడిన అడవికి తలకోన లోయ సరిపోతుంది. దానికి పూనుకునే విద్యార్థులే కావాలి.

పాశ్చాత్య స్వరలిపి, చిత్తూరు జిల్లా విద్యార్థుల గొంతులు కలిసిన సందర్భం చరిత్రలో లేకపోలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు విశ్రమించారు. అప్పుడు అక్కడ ఆచార్యుడుగా ఉన్న ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతంలో పట్టభద్రురాలు. ఠాగూరు పాడిన ‘జనగణమన’ బాణీని ఆమె స్వరలిపిలో పొందుపరచగా విద్యార్థులు బృందంగా పాడారు. ఫిబ్రవరి 28న ఠాగూరు అక్కడే ఆ గీతానికి ఆంగ్లానువాదం రాసి ఇచ్చారు. దేశమంతా పాడే పాటకు స్వరాలు కుదిరిన చోటు ఒక చిన్న పట్టణపు కళాశాల కావడం, తొలుత గొంతు కలిపిన వారిలో విద్యార్థులు ఉండడం గమనించదగినవి.

ఇక కథలోని ఆకలి దగ్గరికి మళ్లీ రావాలి. అడెల్‌హైడ్ వెట్టె తన పిల్లల కోసం రాసింది గనుక పిల్లలను వదిలించుకునే తల్లిని ఆ నాటకంలో ఉంచలేకపోయింది. ఆమె కథనంలో తల్లి రోజంతా కష్టపడి, వట్టి చేతులతో ఇల్లు చేరుతుంది. పని మాని గంతులేస్తున్న పిల్లలను చూసి కోపంతో చేయి ఎత్తుతుంది. ఆ విసురుకు పాలకుండ ఒరిగి పగులుతుంది. ఆ పూటకు ఇంట్లో ఉన్న ఆహారం ఆ పాలే. పళ్లు ఏరుకొని రమ్మని పిల్లలను అడవికి తరిమి, ఒంటరిగా కూలబడి ఏడుస్తుంది. కాసేపటికి తండ్రి చీపుర్లన్నీ అమ్ముడుపోయిన సంబరంలో, కాస్త తాగి, బుట్టనిండా తిండి పట్టుకొని పాడుకుంటూ వస్తాడు. అన్నం వచ్చింది, తినవలసిన పిల్లలు లేరు. ఆ అడవిలో పిల్లలను పొయ్యిలో కాల్చుకుతినే మంత్రగత్తె ఉందని అతడు చెప్పగానే ఇద్దరూ పరుగెత్తుతారు.

ఇది కథను మెత్తబరచడమేనని విమర్శించినవారు ఉన్నారు. గ్రిమ్ కథలోని క్రూరత్వం పోయింది, నిజమే. కాని సంగటి కుండ కింద పడితే ఆ పూట పస్తే అన్న ఇళ్లలో పెరిగినవారు ఈ తల్లిని ఇట్టే గుర్తుపడతారు. ఆమెలో దుర్మార్గం లేదు, అలసట ఉంది. పేదరికం మనుషులను రాక్షసులను చేయడం అరుదు, చిన్న తప్పుకు పెద్ద శిక్ష వేసేలా చేయడం మాత్రం నిత్యం జరిగేదే. విద్యార్థి బృందాలు ఈ దృశ్యం వద్దే తడబడుతుంటాయి. తల్లి పాత్ర ధరించిన యువతి గొంతు చించుకొని గయ్యాళిగా పాడితే ప్రేక్షకులు నవ్వి ఊరుకుంటారు. పాలు ఒలికిన తరువాతి నిశ్శబ్దాన్ని పట్టుకోగలిగితే నాటకమంతా నిలబడుతుంది.

రెండో అంకం చివర పిల్లలిద్దరూ ప్రార్థన చేసి, చెట్టు కింద నిద్రపోతారు. పద్నాలుగురు దేవదూతలు దిగివచ్చి వారిని కాపలా కాస్తారు. అక్కడ మాట లేదు, పాట లేదు, వాద్యాలు మాత్రమే పలుకుతాయి. 1998లో వేల్స్ జాతీయ ఒపేరా కోసం రిచర్డ్ జోన్స్ అనే దర్శకుడు ఆ దేవదూతలను తీసివేసి పద్నాలుగురు వంటవాళ్లను ప్రవేశపెట్టాడు. వారు నిద్రపోయే పిల్లల ముందు బల్ల పరిచి విందు వడ్డిస్తారు. ఇదే ప్రదర్శన 2007లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపేరాకు చేరింది. కొందరు సంప్రదాయవాదులకు అది రుచించకపోవచ్చు. కాని ఆకలితో పడుకున్న పిల్లల కలలోకి రెక్కలున్నవారు వస్తారా, గరిటె పట్టినవారు వస్తారా అంటే జవాబు వెతుక్కోనక్కరలేదు.

నరమాంసం తినే రాక్షసి, తిండితో నిండిన ఇల్లు అనే ఈ రెండింటినీ జోడించిన కథ చిత్తూరు పల్లెల్లో ఏటేటా ఆడుతూనే ఉంది. ధర్మరాజుల గుళ్ల ముందర వేసవిలో జరిగే భారతం ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జున తపస్సు నాడు వేషధారి ఎత్తయిన మాను ఎక్కుతాడు. దుర్యోధన వధ నాడు మట్టితో చేసిన భారీ ప్రతిమ చుట్టూ ఊరు మూగుతుంది. బకాసుర వధ నాడు భీముని వేషధారి అన్నం, పిండివంటలు నింపిన బండిమీద ఊరేగుతాడు. భారతంలో ఏకచక్రపురవాసులు రోజుకొక ఇంటి వంతున బండెడు అన్నంతో పాటు ఒక మనిషిని బకునికి పంపాలి. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మణుని ఇంటికి వంతు వస్తుంది. నేను పోతానంటే నేను పోతానని తండ్రి, తల్లి, కూతురు వాదులాడుకుంటారు. మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపరక చేతబట్టి రాక్షసుణ్ణి తానే చంపుతానని బయలుదేరతాడు. ఏడుస్తున్న పెద్దలు ఆ మాటకు నవ్వుతారు. జర్మన్ కథలోని తల్లిదండ్రులు ఆకలికి పిల్లలను వదులుకున్నారు, ఈ కథలో ఎవరూ ఎవరినీ వదులుకోలేదు. ఏది గొప్ప అని తూకం వేయడం తగదు. మొదటిది కరువులో జరిగినది చెబుతుంది, రెండోది జరగవలసినది చెబుతుంది. రెండూ విన్న పిల్లవాడు ఏ ఇంట్లో పుట్టినా కథ అర్థం చేసుకుంటాడు.

ఆ వీధినాటకాలకు సంగీత కళాశాల లేదు. మద్దెల వెనుక కూర్చుని, తాళం వేస్తూ, పెద్దలు పాడే వంతపాటలో గొంతు కలుపుతూ నేర్చుకున్నదే చదువు. అక్షరం రాని నటులు వందలకొద్దీ పద్యాలు, దరువులు నోటికి అప్పగించగలరు. జర్మనీ నాటకానికి అచ్చు ప్రతి ఉంది. ప్రతి స్వరం, ప్రతి విరామం కాగితం మీద ఉంది. ఏ ఊరి విద్యార్థులైనా ఆ ప్రతిని తెరిచి సాధన మొదలుపెట్టవచ్చు. కుప్పం వైపు పల్లెల్లో నోటి మీద నడిచే నాటకానికి అటువంటి అండ లేదు. ఒక వృద్ధ కళాకారునితో ఒక వేషం బాణీ మొత్తంగా వెళ్లిపోగలదు. తిరుపతిలోనూ కుప్పంలోనూ విశ్వవిద్యాలయాలున్నాయి, సంగీతం నేర్చిన విద్యార్థులున్నారు, స్వరం రాయడం వచ్చినవారున్నారు. మార్గరెట్ కజిన్స్ ఆ పని చేసేనాటికి ఆమెకు ఉన్నవి కాగితం, కలం, వినే చెవి మాత్రమే.

నాటకపు మూడో అంకంలో మంత్రగత్తె ఇంటి చుట్టూ ఒక కంచె ఉంటుంది. అల్లపు రొట్టెతో చేసిన బొమ్మలే ఆ కంచె. అవి నిజానికి అంతకుముందు ఆమె చేతికి చిక్కిన పిల్లలు. గ్రేటెల్ ఉపాయంతో మంత్రగత్తెనే పొయ్యిలోకి నెట్టిన తరువాత పొయ్యి పేలిపోతుంది, బొమ్మల పైపొర రాలి పిల్లలు బయటపడతారు. కాని కళ్లు తెరవలేరు, కదలలేరు. ఎవరైనా తాకితే గాని ప్రాణం రాదు. గ్రేటెల్ ఒక్కొక్కరి చెంప నిమురుతుంది, కళ్లు తెరుచుకుంటాయి. హెన్జెల్ మంత్రం చదువుతాడు, కాళ్లు కదులుతాయి. ఈ పిల్లల బృందగానం కోసం విద్యార్థి బృందాలు సాధారణంగా ఆ ఊరి బడిపిల్లలను పిలుచుకుంటాయి. పాట వారికి రెండు రోజుల్లో వస్తుంది. కళ్లు మూసుకొని, ముక్కు దురద పెట్టినా కదలకుండా బొమ్మల్లా నిలబడడం నేర్పడానికి మాత్రం వారాలు పడుతుంది. తెర లేచాక వారిలో ఒకరిద్దరు కనురెప్ప సందు నుండి ముందు వరుసలో తమ అమ్మ ఎక్కడ కూర్చుందో చూసుకుంటూనే ఉంటారు.